ఎక్కణ్ణుంచీ కాదు

1955 అక్టోబర్. శుక్రవారం. మధ్యాహ్నం మూడు దాటి నాలుగు కావస్తోంది. అమెరికా దక్షిణాది రాష్ట్రం అలబామాలో, మాంట్‌గమరీ ఊరి నడిబొడ్డున, ఒక నల్లజాతి ఆడమనిషి సిటీబస్సు ఎక్కింది. భారీ విగ్రహం. నడిస్తే మెట్టు కిర్రుమనేంత మనిషి.

పేరు జార్జియా గిల్మోర్. వయసు 35 ఏళ్లు. ఆరుగురు పిల్లల తల్లి. నేషనల్ లంచ్ కంపెనీ అనే భోజనశాలలో వంటమనిషి. ఎవరింట్లోనైనా నొప్పులు మొదలైతే మంత్రసానిగా వెళ్లి పురుడు పోసి వచ్చేది కూడా. ఊరి పిల్లల్ని చేతుల్లోకి అందుకున్న మనిషే అయినా, తను వండిన అన్నం తెల్లవాళ్ల పక్కన కూర్చుని తినే వీలు ఆ ఊళ్లో ఆమెకి లేదు.

బస్సు దాదాపు నిండి ఉంది. ఇంచుమించు అంతా నల్లవాళ్లే. తెల్లవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. జార్జియా ముందు తలుపులోంచి ఎక్కి డబ్బాలో చిల్లర వేసింది.

"దిగు" అన్నాడు డ్రైవరు. "దిగి, వెనక తలుపు నుంచి ఎక్కు."

ఎక్కేశాను కదా, మళ్లీ దిగడం ఎందుకని అడిగింది. మా వాళ్లు నడవలో సగం దాకా నిలబడే ఉన్నారు, వాళ్ల పక్కనే నేనూ నిలబడతానని చెప్పి చూసింది. డ్రైవరు గొంతు పెంచాడు. చెప్పిన మాటే మళ్లీ చెప్పాడు.

జార్జియాకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి చుట్టుపక్కల వాళ్లకీ తెలుసు, ఆమెకీ తెలుసు. కానీ ఆ రోజు దాకా ఏ గొడవలోనూ ఇరుక్కోలేదు. ఒకడు తప్పు చేశాడని మనమూ తప్పు చేస్తే అది ఒప్పయిపోదని చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పిన మాట అడ్డం పడింది. పళ్లు బిగబట్టి దిగింది. బస్సు పక్కనే నడుచుకుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. ఆమె అందుకునే లోపే తలుపు మూసుకుంది. బస్సు కదిలిపోయింది.

డబ్బులు బస్సులో, మనిషి రోడ్డు మీద.

అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది, ఇక ఈ ఊరి బస్సు ఎక్కేది లేదని. ఆ ఒట్టు ఎవరికీ చాటలేదు. కరపత్రం లేదు, సభ లేదు, పక్కన మనిషి లేదు. మర్నాటి నుంచి నడక మొదలుపెట్టింది. రోజా పార్క్స్ అరెస్టు కావడానికి అప్పటికింకా నెల పైనే ఉంది.

రోజా పార్క్స్ పేరు మనలో చాలామందికి తెలుసు. సీటు ఇవ్వనన్న కుట్టుపని మనిషి. ఆ సీటు వెనకాల, ఏడాదికి పైగా నడిచిన ఉద్యమం పొయ్యి మీదికి ఏం ఎక్కించిందో, పెట్రోలు డబ్బు ఏ గిన్నెలోంచి వచ్చిందో మనకి ఎవరూ చెప్పలేదు. అందుకే జార్జియా కథ చెప్పాలనిపించింది. ఇది కల్పన కాదు. ఆమె కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాటలు, తర్వాతి కాలంలో గుర్తు చేసుకుని చెప్పిన సంగతులే దీనికి ఆధారం.

* * *

మాంట్‌గమరీలో అప్పుడు నల్లవాళ్లు ఇంచుమించు 50 వేల మంది. సిటీబస్సు ఎక్కేవాళ్లలో ముప్పాతిక మంది వాళ్లే. అయినా బస్సులో ముందున్న 10 సీట్లు తెల్లవాళ్లవి. ఒక్క తెల్లమనిషీ లేకపోయినా ఆ సీట్లు ఖాళీగా ఊగుతూ పోవాలి, నల్లవాళ్లు వాటి పక్కనే నిలబడి పోవాలి. ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. ఈ లోపు బస్సు లాగించేయడం డ్రైవర్లకి ఒక ఆట. జార్జియాకి జరిగింది అంతకుముందు ఎందరికో జరిగింది.

ఆ బస్సుల్లో ఎక్కువగా తిరిగేది ఆడవాళ్లే. ఊళ్లో పని చేసుకుని బతికే నల్లజాతి స్త్రీలలో సగానికి పైగా ఇళ్లలో పనివాళ్లు. తెల్లవారుజామున ఊరి ఈ కొసనుంచి బయల్దేరి, ఆ కొసనున్న తెల్లవాళ్ల ఇళ్లకి చేరి, వాళ్ల పిల్లల్ని లేపి, పాలు పట్టి, వండి, ఉతికి, ఇస్త్రీ చేసి, చీకటి పడ్డాక మళ్లీ బస్సెక్కి సొంత పిల్లల దగ్గరికి చేరేవాళ్లు. బస్సులో అవమానం అంటే రోజుకి రెండుసార్లు అవమానం.

డిసెంబర్ 1న రోజా పార్క్స్‌ని అరెస్టు చేశారు. ఆ రాత్రే అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే జో ఆన్ రాబిన్సన్ కాలేజీ సైక్లోస్టయిల్ మిషను దగ్గర నిలబడింది. ఆమె విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అధ్యక్షురాలు. ఇద్దరు విద్యార్థులు, ఒక సహోద్యోగి తోడు. తెల్లవారేసరికి వేలకొద్దీ కరపత్రాలు సిద్ధం. సోమవారం ఎవరూ బస్సు ఎక్కొద్దు, ఇదీ కబురు. బడిలో, బార్బరు షాపులో, సరుకుల కొట్లో, చేతి నుంచి చేతికి, ఆ కాగితాలు రెండు రోజుల్లో ఊరంతా తిరిగాయి.

డిసెంబర్ 5 సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో సభ. లోపల చోటు చాలక వేలమంది వీధిలో నిలబడి మైకుల్లో విన్నారు. మాంట్‌గమరీ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ అని ఆ మధ్యాహ్నమే ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి అధ్యక్షుడు 26 ఏళ్ల కుర్ర పాస్టరు. పేరు మార్టిన్ లూథర్ కింగ్.

ఆ రాత్రి ఆయన చేసిన ప్రసంగం గురించి పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. ఆ సభకి చికెన్ శాండ్‌విచ్‌లు ఎవరు తెచ్చారో రాసినవాళ్లు తక్కువ.

జార్జియా, ఆమె స్నేహితురాళ్లు కొందరు, కొంగున ఉన్నదీ మూలన దాచినదీ తీసి పోగేశారు. మొత్తం 14 డాలర్లు. దాంతో కోళ్లు కొన్నారు, బ్రెడ్ కొన్నారు, లెట్యూస్ ఆకు కొన్నారు. కోళ్లని వేయించి, ముక్కలు చేసి, బ్రెడ్ మధ్య పెట్టి మూటలు కట్టారు. పొద్దుట్నుంచీ పని చేసి, తిండి తినకుండా నేరుగా సభకి వచ్చిన జనానికి అమ్మారు. వచ్చిన డబ్బు తెచ్చి సంఘానికిచ్చేశారు.

నా మటుకు నేను ఈ కథలో ఆగిపోయేది ఆ 14 డాలర్ల దగ్గరే. సభకి వెళ్లేటప్పుడు, అక్కడికొచ్చే మనిషికి ఆకలేస్తుందని ముందుగా తోచింది వీళ్లకే. ఉపన్యాసం చెప్పమని వీళ్లనెవరూ పిలవలేదు. వేదిక మీద వీళ్లకి కుర్చీ లేదు. తమకి బాగా వచ్చిన పని ఏమిటో తెలుసు, దాన్ని తీసుకుని వచ్చారు.

* * *

ఒక్కరోజు అనుకున్న బహిష్కారం ఆగలేదు. వారాలు గడిచాయి. నడిచే ఓపిక లేనివాళ్లున్నారు, మైళ్ల దూరం పనికి వెళ్లేవాళ్లున్నారు. మొదట్లో నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు ఛార్జీకే, అంటే 10 సెంట్లకే, ఎక్కించుకున్నారు. అధికారులు పాత రూలొకటి తీసి కనీస ఛార్జీ 45 సెంట్లన్నారు. దాంతో సంఘం సొంత కార్ల ఏర్పాటు చేసుకుంది. ఉన్నవాళ్లు తమ కార్లిచ్చారు. చర్చిల పేరుమీద పెద్ద స్టేషన్ వ్యాగన్లు కొన్నారు. పక్కల మీద చర్చి పేరు రాసి ఉండే ఆ బళ్లని జనం చక్రాల మీది చర్చిలని పిలుచుకున్నారు. అన్నీ కలిపి 300 దాకా బళ్లు. ఊళ్లో పదుల చోట్ల ఎక్కే స్థలాలు, దిగే స్థలాలు. ఏ బండి ఎప్పుడు ఎక్కడ ఉంటుందో చెప్పే మనుషులు.

ఇది నడవాలంటే పెట్రోలు కావాలి. టైర్లు కావాలి. మరమ్మతులకి డబ్బు కావాలి. స్థానిక కంపెనీలు బీమాలు రద్దు చేస్తే లండన్ లాయిడ్స్ దాకా వెళ్లి బీమా తెచ్చుకోవాల్సి వచ్చింది. ఉద్యమం అనే మాట వినడానికి గాలిలా ఉంటుంది కానీ, దాని కింద చక్రాలు తిరగాలంటే ప్రతి వారం ఎవరో ఒకరు నోట్లు లెక్కపెట్టాలి.

జార్జియా ఇంకొంతమంది ఆడవాళ్లని కూడగట్టింది. అందరూ ఏదో ఒక వంటింట్లో పనిచేసేవాళ్లే. పగలు దొరల ఇళ్లలో గరిటె తిప్పి వచ్చి, రాత్రి సొంత పొయ్యి ముట్టించేవాళ్లు. ఒకామె చెయ్యి పౌండ్ కేకుకి పెట్టింది పేరు. ఒకామె చిలగడదుంప పై బాగా చేస్తుంది. ఆ పై అంటే మన బొబ్బట్టు పూర్ణాన్ని పల్చటి పిండి గిన్నెలో పోసి కాల్చినట్టుంటుంది అనుకోండి. వేయించిన కోడి, చేప, పంది మాంసం ముక్కలు, ఉడకబెట్టిన ఆకుకూరలు, చిక్కుడు గింజలు, అన్నం. ఇవన్నీ పొట్లాలై, పళ్లాలై, గుడ్డ కప్పిన బుట్టలై ఊళ్లోకి వెళ్లేవి. బ్యూటీ పార్లర్లలో, లాండ్రీల్లో, టాక్సీ స్టాండుల్లో అమ్మేవాళ్లు. గుమ్మం గుమ్మం తిరిగి అమ్మేవాళ్లు.

కొన్నవాళ్లలో తెల్లవాళ్లూ ఉన్నారు. కొందరికి ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలియదు, కేకు రుచిగా ఉందని కొన్నారు. కొందరు తెలిసే కొన్నారు, కొన్నట్టు ఎవరికీ చెప్పొద్దన్నారు.

ఇక్కడే ఈ కథ ముడి ఉంది. చేసినవాళ్ల పేరు బయటపడితే మర్నాడు పని ఉండదు. కొన్నవాళ్ల పేరు బయటపడితే వాళ్లకీ ఇబ్బందే. ఒకసారి తలుచుకోండి. పొద్దుటే ఒక పనిమనిషి దొరసాని వంటింట్లో రొట్టె కాలుస్తూ ఉంటుంది. బల్ల దగ్గర దొరసాని స్నేహితురాళ్లు కాఫీ తాగుతూ, ఈ బస్సుల గొడవ వెనక ఎవరున్నారో అని మాట్లాడుకుంటూ ఉంటారు. పనిమనిషి తల వంచుకుని కప్పుల్లో కాఫీ పోస్తుంది. అంతకుముందు రాత్రి ఆమె చేసిన పై అమ్మగా వచ్చిన డబ్బు ఆ నిమిషాన ఏదో ఒక స్టేషన్ వ్యాగన్ ట్యాంకులో ఉంటుంది. అడిగితే ఏం చెబుతుంది?

అందుకని లెక్క అంతా జార్జియా ఒక్కదాని దగ్గరే ఉండేది. ఎవరు వండారో ఆమెకి తెలుసు. ఎవరు కొన్నారో ఆమెకి తెలుసు. మిగతావాళ్లకి ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలియదు. కాగితం మీద పేర్లు లేవు. డబ్బు ఇచ్చేది రొక్కంగానే. చెక్కులుంటే సంతకాలుంటాయి, సంతకాలుంటే ఎవరో ఒకరు చదువుతారు.

ఈ డబ్బు ఎక్కడిదని ఎవరన్నా అడిగితే ఇచ్చే జవాబునే తమ గుంపుకి పేరుగా పెట్టుకున్నారు. క్లబ్ ఫ్రమ్ నోవేర్. తెలుగులో చెప్పాలంటే ఎక్కణ్ణుంచీ కాని క్లబ్బు.

ఎక్కడిది ఈ డబ్బు?

ఎక్కణ్ణుంచీ కాదు.

అబద్ధం ఆడే పని లేదు. నిజం చెప్పే ప్రమాదమూ లేదు. అన్నేళ్లుగా ఆ ఊరు వాళ్లని కంటికి ఆననివాళ్లలాగే చూసింది. ఎవరి పేరూ అడగలేదు, ఎవరి ఇల్లు ఎక్కడో తెలుసుకోలేదు. ఆ కంటికి ఆనకపోవడాన్నే వాళ్లు తమకి అడ్డుతెరగా కట్టుకున్నారు. చదువుకున్న ఎంత వ్యూహకర్తకైనా ఇంతకంటే మంచి ఆలోచన వచ్చి ఉండేదని నేననుకోను.

* * *

వారానికి రెండు సభలు, సోమవారం ఒకటి, గురువారం ఒకటి. జార్జియా లెక్క అప్పజెప్పేది సోమవారం రాత్రి. పాటలయ్యాక, ప్రార్థనయ్యాక, చందాల వంతు వచ్చేది. బారులు తీరిన బల్లల మధ్య నడవలోంచి ఆ భారీ మనిషి నడిచి ముందుకెళ్లేది. అన్నేళ్లు బస్సు నడవలో ఎక్కడ నిలబడాలో ఇతరులు చెప్పిన మనిషి, చర్చి నడవలో ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరూ చూస్తుండగా నడిచేది. ఈ వారం ఎంత వచ్చిందో గొంతెత్తి చెప్పేది. జనం కాళ్లతో నేల దద్దరిల్లేలా తాళం వేసేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు, కేకలు పెట్టేవాళ్లు.

వారానికి 125 డాలర్ల నుంచి 200 డాలర్ల దాకా వచ్చేది.

చిన్న మొత్తంలా కనిపిస్తుంది. అప్పట్లో అమెరికాలో గ్యాలన్ పెట్రోలు సుమారు 30 సెంట్లు. 150 డాలర్లంటే 500 గ్యాలన్లు, మన లెక్కలో దాదాపు 1,900 లీటర్లు. వారం వారం అంత పెట్రోలు చిలగడదుంపల్లోంచీ కోడి ముక్కల్లోంచీ వచ్చేది. దేశంలోని మిగతా ఊళ్ల నుంచి పెద్ద చందాలు వచ్చాయి, నిజమే. కానీ అవి ఎప్పుడొస్తాయో, ఎంతొస్తాయో ఎవరికీ తెలియదు. ఇది మాత్రం సోమవారం రాత్రి వచ్చి తీరేది.

కొన్నాళ్లకి ఊళ్లోనే ఐనెజ్ రిక్స్ అనే ఆమె ఫ్రెండ్లీ క్లబ్ అని ఇంకొకటి మొదలుపెట్టింది. ఇక పోటీ! ఏ క్లబ్బు ఎక్కువ తెస్తే ఆ వారం చప్పట్ల మోత వాళ్లకి. ఓడినవాళ్లు వచ్చే వారం నాలుగు కేకులు ఎక్కువ చేసేవాళ్లు. రెండు వైపులా గెలిచింది మాత్రం బళ్లే.

అదేదో పండగలా సాగిందనుకోవద్దు. 1956 జనవరి 30 రాత్రి కింగ్ ఇంటి వరండాలో బాంబు పేలింది. లోపల ఆయన భార్య, పసిబిడ్డ ఉన్నారు. దెబ్బ తగల్లేదు. ఫిబ్రవరిలో 1921 నాటి చట్టమొకటి దుమ్ము దులిపి తీసి, బహిష్కారం నేరమంటూ 80 మందికి పైగా కేసులు పెట్టారు. మేయరు గేల్ తెల్లజాతి ఆడవాళ్లని వేడుకున్నాడు, మీ పనిమనుషుల్ని మీ కార్లలో తీసుకెళ్లి దింపడం మానేయండని. ఇంటిపని ఆగుతుందని కొందరు ఆ మాట వినలేదు.

* * *

1956 మార్చిలో కింగ్ మీద విచారణ మొదలైంది. జడ్జి యూజీన్ కార్టర్. బహిష్కారం ఎందుకు చేయాల్సి వచ్చిందో చూపించడానికి కింగ్ తరఫు లాయర్లు ఊళ్లోని నల్లజాతి ఆడవాళ్లని సాక్షులుగా పిలిచారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ బస్సు కథ చెప్పారు. టికెట్టు గొడవలో పోలీసులు తన భర్తని కాల్చి చంపేశారని ఒకామె చెప్పింది.

జార్జియా బోను ఎక్కింది. అక్టోబర్ శుక్రవారం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. డ్రైవరు పేరు తెలియదు, చూస్తే గుర్తుపడతానంది. పొడుగ్గా ఉంటాడు, ఎర్ర జుట్టు, మొహం నిండా మచ్చలు, కళ్లజోడు. పరమ దుర్మార్గుడు అని కూడా కలిపింది. డబ్బులు తీసుకునేటప్పుడు ఇది నల్లవాళ్ల డబ్బు, ఇది తెల్లవాళ్ల డబ్బు అని వాళ్లు వేరు చేసి చూడరు కదా అని గుర్తుచేసింది. నాణెం దగ్గర లేని రంగు మనిషి దగ్గర ఎందుకొచ్చిందన్నదే ఆ మాటకి అర్థం.

జడ్జి కింగ్‌కి 500 డాలర్ల జరిమానా, కోర్టు ఖర్చులు వేశాడు. జార్జియాకి శిక్ష ఇంకోచోట పడింది. సాక్ష్యం చెప్పాక ఆమెకి నేషనల్ లంచ్ కంపెనీలో పని పోయింది.

ఆరుగురు పిల్లలు. పని లేదు. ఊళ్లో ఇంకే తెల్లవాళ్ల వంటింట్లోనూ ఆమెకి తలుపు తెరుచుకోదు. ఇన్నాళ్లూ ఏ భయంతో తన స్నేహితురాళ్ల పేర్లు దాచిందో ఆ భయమే ఆమె ఇంటికొచ్చి కూర్చుంది. తన పేరు మాత్రం దాచుకోలేదు మరి. కోర్టులో చేయెత్తి, ఊరూ పేరూ చెప్పి మాట్లాడింది.

కింగ్ ఆమెకొక సలహా ఇచ్చాడు. ఒకరి దగ్గర ఎందుకు, నీ ఇంట్లో నువ్వే వండి అమ్ము అని. గిన్నెలూ సరుకులూ కొనుక్కోవడానికి డబ్బు సాయం కూడా చేశాడు. ఆమె ఆకారాన్ని చూసి ముద్దుగా 'టైనీ' అని పిలిచేవాడు, అంటే చిట్టి అన్నమాట. జార్జియా పొద్దు పొడవక ముందే, మూడింటికో నాలుగింటికో లేచి పొయ్యి ముట్టించేది. డెరికోట్ వీధిలోని ఆ చిన్న ఇంటి ముందుగది మధ్యాహ్నానికి భోజనశాల అయ్యేది. బల్ల చుట్టూ చోటుండేది కాదు. గోడలకి ఆనుకుని పళ్లెం చేత్తో పట్టుకుని తినేవాళ్లు, వాళ్లు లేస్తే కూర్చుందామని గుమ్మంలో నిలబడేవాళ్లు. ప్రొఫెసర్లు, గుమాస్తాలు, కూలీలు, పాస్టర్లు. కొన్నాళ్లకి తెల్లవాళ్లు కూడా. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మోచేతులు తగిలేలా కూర్చుని తినే బల్ల ఆ ఊళ్లో చట్టం తేలేకపోయింది, జార్జియా తెచ్చింది.

ఎంతటివాళ్లనైనా మొహమాటం లేకుండా నాలుగు మాటలు అనేది. ఆ మాటలు పడటానికి కూడా వచ్చేవాళ్లు జనం. కింగ్ బయటి ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లని అక్కడికే భోజనానికి తీసుకొచ్చేవాడు. ఇంకెక్కడా మాట్లాడుకోలేని సంగతులు ఆ బల్ల దగ్గర మాట్లాడుకున్నారు. ఆఫీసు గోడలకి చెవులుండొచ్చు. ఈ ఇంట్లో మాట బయటికి పోదని అందరికీ తెలుసు. ఊళ్లో సగంమంది రహస్యాలు ఏడాదిగా మోస్తున్న మనిషి ఇల్లు అది.

* * *

బస్సు కేసు సుప్రీంకోర్టుకి చేర్చినవాళ్లూ ఆడవాళ్లే. ఔరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, క్లాడెట్ కాల్విన్, మేరీ లూయీజ్ స్మిత్. క్లాడెట్ 15 ఏళ్ల వయసులో, రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, సీటు వదలనందుకు అరెస్టయిన పిల్ల. 1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే రోజు మాంట్‌గమరీ కోర్టులో కార్ల ఏర్పాటుని ఆపేయాలన్న వాదన జరుగుతోంది. ఆపేశారు కూడా. ఉత్తర్వులు ఊరికి చేరేదాకా, చివరి ఐదు వారాలు, జనం మళ్లీ నడిచారు.

డిసెంబర్ 21 పొద్దున బస్సుల ముందు తలుపులు తెరుచుకున్నాయి. 381 రోజులయ్యాయి. ఫొటోల్లో కింగ్ ఉన్నాడు, కిటికీ పక్కన రోజా పార్క్స్ ఉంది. ఆ వారంలో పనికి బయల్దేరిన ఆడవాళ్లు ముందు తలుపులోంచి ఎక్కి, చిల్లర వేసి, కనిపించిన సీట్లో కూర్చున్నారు. వాళ్లలో పౌండ్ కేకు చేసింది ఎవరో, కోళ్లు వేయించింది ఎవరో డ్రైవరుకి తెలియదు. అప్పటికీ ఎవరికీ చెప్పలేదు. బస్సు గెలిచినా ఉద్యోగాలు దొరల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లలో చాలామంది పేర్లు ఈనాటికీ ఏ పుస్తకంలోనూ లేవు. చరిత్ర రాసేవాళ్ల అశ్రద్ధ కొంత. మాట నిలబెట్టుకున్న ఒక మనిషి గట్టిదనం కొంత. రెండోదాన్ని తలుచుకుంటే మొదటిదాని మీద నా కోపం ఇంకా పెరుగుతుంది.

జార్జియా అక్కడితో ఊరుకోలేదు. 1957లో ఆమె కొడుకు మార్క్, ఇంకా కుర్రాడు, ఓక్ పార్కులోంచి అడ్డదారిన నడిచి వెళ్తుంటే పోలీసులు కొట్టి అరెస్టు చేశారు. అది తెల్లవాళ్ల పార్కు. 1958లో జార్జియా, మరికొందరు కలిసి నగరం మీద దావా వేశారు. నగరం ఏం చేసిందో తెలుసా? నల్లవాళ్లని రానివ్వడం కన్నా నయమని ఊళ్లోని పార్కులన్నీ మూసేసింది. ఓక్ పార్కు ఈతకొలనుని మట్టితో పూడ్చేసింది. అక్కడి జంతుప్రదర్శనశాలలో జంతువుల్ని అమ్మేసింది. పార్కులు మళ్లీ తెరిచింది 1965లో. పిల్లలు ఎవరికైనా పిల్లలే, ఆ ఊరి తెల్ల పిల్లలకి కూడా అన్నేళ్లు ఊయల లేకుండా పోయింది. కేసు ఇంకా సాగి 1974లో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. నల్లవాళ్లని చేర్చుకోని ప్రైవేటు బడులకి ఊరి పార్కుల్ని ప్రత్యేకంగా ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఈనాటికీ ఆ కేసుని గిల్మోర్ పేరుతోనే చదువుతారు. చదివేవాళ్లలో ఎంతమందికి ఆమె వంటమనిషి అని తెలుసో!

* * *

1990 మార్చి. ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గమరీకి జరిగిన మహా పాదయాత్రకి 25 ఏళ్లు. ఆ జ్ఞాపకంగా మళ్లీ జనం నడిచి వస్తున్నారు. జార్జియాకి 70 ఏళ్లు నిండాయి. ఎప్పటిలాగే ఇంకా చీకటుండగానే లేచింది. నడిచి వచ్చేవాళ్లకి ఆకలేస్తుంది. కోళ్లు వేయించింది. మాకరోని ఉడకబెట్టి చీజ్ కలిపి పెద్ద పళ్లాల్లో పరిచింది.

వంట నడుస్తుండగానే ఒంట్లో బాగాలేకపోయింది. ఆ నడకని చూడకుండానే పోయింది.

కబురు విని మనుషులు ఇంటికి రావడం మొదలుపెట్టారు. పాత చర్చి మనుషులు, ఆ ముందుగదిలో ఒకప్పుడు నిలబడి తిన్నవాళ్లు, ఆమె చేతిమీదుగా పుట్టినవాళ్లు. దుఃఖంలో ఉన్న ఇంటికి మనుషులొస్తే ఏదో ఒకటి పెట్టాలి. పొయ్యి మీద, బల్ల మీద, ఆమె వండిపెట్టినదంతా అలాగే ఉంది. అదే పళ్లాల్లో వడ్డించారు. అందరూ తిన్నారు. ఎక్కడిదని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.